కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్న పెద్దవారికి ఇంట్లో వినికిడి సాధన ఎలా చేయించాలి

"ఆపరేషన్ అయి మూడు నెలలైంది. చప్పుడు వినబడుతోందంటున్నారు నాన్న, మాట మాత్రం అర్థం కావడం లేదంటున్నారు. చెప్పిన సంగతి కాసేపటికే మరిచిపోతున్నారు కూడా. ఇది చెవి సంగతా, మతిమరుపా?"

వినికిడి, మాట చికిత్స చేసే వృత్తిలో ఉన్న నన్ను, అరవై అయిదు దాటినవారి పిల్లలు, కోడళ్లు, భార్యలు దాదాపు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్క ఇంటికీ విడివిడిగా చెబుతూ వస్తున్న సమాధానాన్ని ఇక్కడ ఒక్కచోట, మీ అంతట మీరు చేయించుకోగలిగే పద్ధతిలో రాస్తున్నాను. కాక్లియర్ ఇంప్లాంట్ అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి యంత్రం; బయటి శబ్దాన్ని మైక్రోఫోనుతో పట్టి దానికి అందించేది చెవి దగ్గర పెట్టుకునే ప్రాసెసర్. ఈ వ్యాసం స్విచ్ ఆన్ (ఆపరేషన్ తరువాత యంత్రాన్ని మొదటిసారి పని చేయించడం) అయిన తరువాత మొదటి ఆరు నెలలలో ఉన్నవారికి ఎక్కువగా పనికొస్తుంది. ఏడాది దాటినా మాట అర్థం కాక ఇబ్బంది పడుతున్నవారు కూడా మొదటి మెట్టు నుంచే ప్రారంభించవచ్చు.

సిద్ధాంతం జోలికి ఎక్కువగా వెళ్లను గాని, ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకోండి. లోపలి చెవిలో సుమారు 3,500 లోపలి వరుస రోమకణాలు చేసే పనిని ఇంప్లాంట్‌లో, తయారీ సంస్థను బట్టి, 12 నుంచి 22 వరకు ఉండే ఎలక్ట్రోడులు (నాడికి విద్యుత్ సంకేతాలు అందించే చిన్న లోహపు బిందువులు) చేస్తాయి. అంటే నాడికి అందేది అసలు మాట కాదు, ఆ మాట తాలూకు ముతక నమూనా మాత్రమే. దానిని పోల్చుకుని మాటగా మార్చుకోవలసింది మెదడు. మొదట్లో ఆ పోల్చుకునే పనికే శక్తి అంతా ఖర్చయిపోవడం వల్ల, విన్నదానిని గుర్తుపెట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. అందుకే వినికిడి సాధనను, జ్ఞాపకశక్తిని వేరువేరుగా చూడకుండా ఒకే పనిగా చూడాలని నేను అంటాను.

ఈ వయసులో ప్రయోజనం ఉంటుందా అని సందేహించేవారికి ఒక ఆధారం చెబుతాను. ఫ్రాన్స్‌లో 10 కేంద్రాలలో 65 నుంచి 85 ఏళ్ల మధ్య వయసున్న 94 మందిని పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్‌కు ముందు జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షలలో బాగా తక్కువ మార్కులు వచ్చిన 37 మందిలో 30 మందికి ఏడాది తిరిగేసరికి మార్కులు మెరుగుపడ్డాయి. వారికి ఇంప్లాంట్‌తో పాటు వినికిడి సాధన కూడా చేయించారు. పోల్చి చూడడానికి ఇంప్లాంట్ లేని మరో బృందం ఆ అధ్యయనంలో లేదు కాబట్టి, ఇంప్లాంట్ పెట్టిస్తే మతిమరుపు రాదని దానిని బట్టి ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. అయినా వయసు మీరిందని సాధన మానేయడానికి కారణం లేదని మాత్రం అది గట్టిగానే చెబుతోంది.

కావలసినవి

పని చేస్తున్న ప్రాసెసర్, సరిపడా బ్యాటరీలు, రాత్రిపూట తేమ లాగే డ్రై బాక్స్, ఒక గీతల నోటుబుక్కు, పెద్ద అక్షరాలతో మాటలు రాసుకోవడానికి చీటీలు, రోజువారీ తెలుగు పేపరు, వాయిస్ మెసేజ్ పంపగలిగే ఫోను. వీటికంటే ముఖ్యంగా, రోజూ రెండుసార్లు పదిహేనేసి నిమిషాలు ఓపికగా కూర్చోగలిగే ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎప్పుడూ ఒక్కరే కాకుండా ఉంటే మరీ మంచిది. కోడలి గొంతు ఒక్కటే అలవాటైపోతే మనవడి మాట అర్థం కాదు.

పెద్దవారికి కళ్లజోడు పవరు సరిగా ఉందో లేదో, శుక్లాలు ఉన్నాయో లేవో ముందే చూపించండి. చీటీ కనబడక చదవలేకపోతే దానిని వినికిడి లోపంగా లెక్కవేసే ప్రమాదం ఉంది.

1. రోజంతా పెట్టుకునేలా చూడండి

స్నానానికి, నిద్రకు తప్ప ప్రాసెసర్ తీయకూడదు. రోజుకు కనీసం 10 గంటలు లక్ష్యంగా పెట్టుకోండి. చాలా ప్రాసెసర్లు ఎన్ని గంటలు వాడారో తమలోనే నమోదు చేసుకుంటాయి. మ్యాపింగ్‌కు వెళ్లినప్పుడు (అంటే ప్రాసెసర్ శబ్దాల స్థాయిలను ఆ మనిషికి తగినట్టు సరిచేయించుకోవడానికి వెళ్లినప్పుడు) ఆ లెక్క చూపించమని ఆడియాలజిస్టును, అంటే వినికిడి నిపుణుడిని, అడగండి.

ఇక్కడ ఒక ఇంటి సంగతి చెప్పాలి. డెబ్బై నాలుగేళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు, స్విచ్ ఆన్ అయిన రెండో వారంలో, వంటింట్లో స్టీలు గిన్నెలు స్టాండులో సర్దుతున్న చప్పుడు బాణంలా తగలడంతో ప్రాసెసర్ తీసి పెట్టెలో దాచేశారు. బంధువులు వచ్చినప్పుడు మాత్రం గౌరవంగా పెట్టుకుని కూర్చునేవారు. రోజంతా పెట్టుకుంటున్నారనే ఇంట్లోవారు నమ్మారు, లెక్క చూస్తే సగటున రెండు గంటలు కూడా లేదు. గిన్నెల స్టాండు అడుగున మందపాటి గుడ్డ పరిచి, పెద్ద శబ్దాల స్థాయి తగ్గించి మ్యాపింగ్ మార్చిన తరువాత ఆయన మళ్లీ పెట్టుకోవడం మొదలుపెట్టారు. మీ ఇంట్లో కూడా ప్రాసెసర్ పెట్టెలోకి పోతోందంటే మొండితనం అనుకోకండి. ఏ చప్పుడు బాధపెడుతోందో అడిగి, రాసుకుని, ఆడియాలజిస్టుకు చెప్పండి.

యంత్రం విషయంలో మన ఇళ్లలో జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. తలకు కొబ్బరినూనె రాసుకుని వెంటనే కాయిల్ (ప్రాసెసర్ నుంచి తీగతో వచ్చి, అయస్కాంతంతో తలకు అతుక్కునే బిళ్ల) పెట్టుకుంటే అది జారిపోతుంది, నూనె మైక్రోఫోను రంధ్రాలలోకి చేరి మాట మందగిస్తుంది. నూనె రాత్రి పెట్టి, ఉదయం తలంటుకున్న తరువాత, జుట్టు పూర్తిగా ఆరాకే ప్రాసెసర్ పెట్టాలి. ముడికి పెట్టుకునే ఇనుప పిన్నులు కాయిల్ అయస్కాంతానికి అంటుకుంటాయి, వాటి బదులు రబ్బరుబ్యాండు వాడండి. కొంగు నెత్తిమీదికి కప్పుకున్నా, మఫ్లరు చుట్టుకున్నా మైక్రోఫోను మూసుకుపోతుంది. తలనీలాలు ఇచ్చే మొక్కు ఉంటే ముందుగా సర్జన్‌ను అడగండి, అక్కడ కూర్చున్నప్పుడు కత్తి పట్టేవారికి ఇంప్లాంట్ ఉబ్బు ఉన్న చోటు వేలితో చూపించి చెప్పండి.

బ్యాటరీ స్టిక్కరు తీయగానే బిగించకుండా రెండు మూడు నిమిషాలు గాలికి ఉంచండి. జింక్ బ్యాటరీ గాలి తగిలితేనే పనిచేస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఈ బిళ్ల బ్యాటరీలు ఎట్టి పరిస్థితిలోనూ అందుబాటులో ఉంచకూడదు, మింగితే ప్రాణాపాయం. వేళ్లు వణికేవారికి, కీళ్లవాతం ఉన్నవారికి చార్జింగ్ బ్యాటరీలు సులభం.

2. ప్రతి ఉదయం ఆరు శబ్దాల పరీక్ష చేయండి

దీనికి రెండు నిమిషాలు చాలు. దీనిని ఒక్కరోజు కూడా మానవద్దు. పెద్దవారికి మీ పెదవులు కనబడకుండా, ఇంప్లాంట్ ఉన్న వైపున ఒక మీటరు దూరంలో కూర్చుని, ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనే ఆరు శబ్దాలను మామూలు గొంతుతో ఒక్కొక్కటిగా పలకండి. విన్నదానిని వారు తిరిగి పలకాలి. 'మ్' తక్కువ శ్రుతి ధ్వనులకు, 'స్' ఎక్కువ శ్రుతి ధ్వనులకు ప్రతినిధి కాబట్టి, ఈ ఆరు వినబడితే మాటకు కావలసిన ధ్వనుల పరిధి అంతా అందుతున్నట్టే.

ఎప్పుడూ ఒకే వరుసలో పలికితే వరుసను బట్టే చెప్పేస్తారు కాబట్టి రోజూ మార్చండి. శబ్దానికీ శబ్దానికీ మధ్య విరామం కూడా ఒకేలా ఉండకూడదు. మధ్యమధ్య ఏమీ పలకకుండా పది సెకన్లు ఊరుకోండి. అప్పుడు కూడా "విన్నాను" అంటే ఊహించి చెబుతున్నారన్నమాట.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పలకడం చాలామంది చేసే తప్పు. చెయ్యి శబ్దాన్నే మార్చేస్తుంది, ముఖ్యంగా 'స్', 'ష్' లను మింగేస్తుంది. పక్కకు కొద్దిగా వెనకగా కూర్చోవడం మంచి పద్ధతి. కుదరకపోతే పలుచని నేత గుడ్డను నోటికి జానెడు దూరంలో పట్టుకోండి.

నిన్నటివరకు ఆరూ చెప్పినవారు ఈ రోజు 'స్' పోగొట్టుకుంటే మైక్రోఫోను మూతలు చూడండి. ఆరూ ఒక్కసారిగా మందగిస్తే బ్యాటరీ, తరువాత కాయిల్ తీగ మార్చి చూడండి. అవి మార్చినా అదే పరిస్థితి అయితే మ్యాపింగ్ తేదీ వరకు ఆగకుండా ఫోను చేయండి. నెలల తరబడి పాడైన తీగతో గడిపి, "మెదడు పట్టుకోవడం లేదు" అని బాధపడిన కుటుంబాలను చూశాను.

3. సాధనకు చోటు, వేళ నిర్ణయించుకోండి

ఉదయం టిఫిను తరువాత పదిహేను నిమిషాలు, సాయంత్రం కాఫీ తరువాత పదిహేను నిమిషాలు. గంటసేపు ఒకేసారి కూర్చోబెట్టకండి. టీవీ, మిక్సీ, కూలర్ ఆపండి, వీధి తలుపు దగ్గరికి వేయండి. రెండో చెవికి హియరింగ్ ఎయిడ్ ఉంటే మిగతా రోజంతా దానిని వాడుతూనే ఉండాలి గాని, ఈ పదిహేను నిమిషాలు మాత్రం తీసి ఉంచండి. లేకపోతే పాత చెవే పని చేసి, కొత్త చెవి సోమరిగా ఉండిపోతుంది.

అరవవద్దు. అరిస్తే మాట ఆకారం చెడిపోతుంది, ప్రాసెసర్ ఆ పెద్ద శబ్దాన్ని ఎలాగూ అణిచేస్తుంది. మామూలు గొంతుతో, కొంచెం నిదానంగా, అక్షరం అక్షరం విడదీయకుండా మాట్లాడండి.

4. పొడవును బట్టి పోల్చుకునే మాటలతో మొదలుపెట్టండి

మొదటి రెండు మూడు వారాలు కేవలం ఎంపిక ఆట ఆడించండి. మూడు చీటీలు ముందుంచి, ఒకటి చెప్పి, ఏది అన్నారో చూపించమనాలి. మొదట చాలా తేడా ఉన్నవి: 'పాలు', 'కొబ్బరికాయ', 'సికింద్రాబాదు'. మాట ఎంత పొడవుందో చెవికి పట్టడం సులభం.

తరువాత హ్రస్వ దీర్ఘాలు. తెలుగులో ఇది మనకు కలిసివచ్చే అంశం. శబ్దం ఎంతసేపు ఉందన్న సమాచారాన్ని ఇంప్లాంట్ బాగానే అందిస్తుంది కాబట్టి 'నెల, నేల', 'పడు, పాడు', 'కొన, కోన' వంటి జంటలను చాలామంది తొందరగానే పట్టుకుంటారు. ద్విత్వం కూడా అంతే: 'గడి, గడ్డి', 'కల, కల్ల'. ఈ జంటలలో గెలుపు త్వరగా కనబడుతుంది. తమ చెవి పనిచేస్తోందన్న ధైర్యం పెద్దవారికి ముందు ఇక్కడే కలగాలి. ఈ మెట్టును తొందరపడి దాటించకండి.

పది మాటలకు ఎనిమిది సరిగ్గా చెప్పగలిగితే, వరుసగా మూడు రోజులు అలాగే ఉంటే, తరువాతి మెట్టుకు వెళ్లవచ్చు. అయిదుకు మించి రాకపోతే మెట్టు కష్టమైందని అర్థం, చీటీలను మూడు నుంచి రెండుకు తగ్గించండి.

చదవడం రానివారికి చీటీలకు బదులు వస్తువులే పెట్టండి: చెంచా, తాళంచెవి, ఉల్లిపాయ, రూపాయి బిళ్ల. నిజానికి చదువుకున్నవారికి కూడా వస్తువులే ఎక్కువ హుషారునిస్తాయని నా అనుభవం.

5. దగ్గరి ధ్వనుల జంటలకు వెళ్లండి

ఇక్కడి నుంచి కష్టం పెరుగుతుంది. ముందు పరుష సరళాలు: 'కడప, గడప', 'పాట, బాట', 'కాలి, గాలి'. ఆ తరువాత 'కాలు, కారు'. అన్నింటికంటే చివర, నోటిలో పుట్టే చోటు మాత్రమే తేడాగా ఉన్నవి: 'మీరు, నీరు', 'పాలు, తాలు, కాలు'; వాటితో పాటు మొదటి ధ్వని ఒక్కటే మారే 'మల్లి, బల్లి, తల్లి, పల్లి'. ఇవి ఏడాది తరువాత కూడా కొందరికి పూర్తిగా కుదరవు. అందుకు చిన్నబోనక్కరలేదు. వాక్యంలో పడినప్పుడు సందర్భం ఆ లోటును పూడుస్తుంది: "గోడమీద బల్లి పాకుతోంది" అంటే ఎవరూ తల్లి అనుకోరు.

తప్పు చెప్పినప్పుడు ఏం చేయాలన్నది ముఖ్యం. "కాదు, మళ్లీ విను" అని అదే మాటను అయిదారుసార్లు గట్టిగా చెప్పకండి. ఒకసారి అలాగే చెప్పండి. రాకపోతే చీటీ చూపిస్తూ చెప్పండి. తరువాత చీటీ తీసేసి, రెండు మాటలనూ పక్కపక్కన పలికి తేడా వినిపించండి. చీటీ లేకుండా వినడం, చీటీ చూస్తూ వినడం, మళ్లీ చీటీ లేకుండా వినడం: చెవి నేర్చుకునేది ఈ క్రమంలోనే.

6. వాక్యాలు, పేపరు, వాయిస్ మెసేజ్‌లు

నాలుగో వారం తరువాత పేపరుతో పని పెట్టుకోండి. ఒక చిన్న వార్తను మీరు చదువుతుంటే, వారు మరో ప్రతిలోనో అదే కాగితంమీదనో వేలితో అనుసరించాలి. మధ్యలో హఠాత్తుగా ఆపి, ఏ మాట దగ్గర ఆగారో అడగండి. అది కుదిరాక, మీరు ఒక మాట మార్చి చదివి పట్టుకోమనండి. ఆ తరువాత కాగితం పక్కన పెట్టి, వార్త దేని గురించో ముందే చెప్పి, ఒక్కొక్క వాక్యం వినిపించి తిరిగి చెప్పించండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు "మేమేం చేయగలం" అని అడుగుతుంటారు. వారు చేయదగిన మంచి పని ఉంది. రోజూ ముప్ఫై సెకన్ల వాయిస్ మెసేజ్ పంపి, కాసేపటి తరువాత అందులో ఏమన్నారో అక్షరాలా రాసి పంపమనండి. పెద్దవారు ముందు రెండుసార్లు విని, అర్థమైనది నోటుబుక్కులో రాసుకుని, తరువాత రాతతో సరిచూసుకుంటారు. ఎన్నిసార్లయినా తిరిగి వినవచ్చు, ఎవరినీ విసిగించామన్న మొహమాటం ఉండదు. వీడియో కాల్‌లో పెదవులు కనబడతాయి కాబట్టి అది ఆప్యాయతకు మంచిది గాని, సాధనగా దానిని లెక్కవేయకండి.

చిన్నప్పుడు కంఠస్థం చేసిన శతక పద్యాలను వినిపించవచ్చా అని అడుగుతారు. ఆనందంగా వినిపించండి, మొదటి పాదం అందుకోగానే వారి ముఖం వెలిగిపోతుంది. కాని అది జ్ఞాపకం చేస్తున్న పని, చెవి చేస్తున్న పని కాదు. కాబట్టి నోటుబుక్కులో మార్కులు వేయకండి. పాటల విషయంలో ముందే చెబుతున్నాను: తాళం బాగానే తెలుస్తుంది, రాగం చాలాకాలం వికృతంగా ఉంటుంది. పాట బాగాలేదంటే ఇంప్లాంట్ విఫలమైందని కాదు.

7. ఫోను, చప్పుడు ఉన్న చోటు

మూడో నెల వరకు తొందరపడవద్దు. తరువాత కుళాయి నీళ్ల చప్పుడంత చిన్న చప్పుడుతో మొదలుపెట్టి, టీవీ సన్నగా మోగుతుండగా పాత వాక్యాలనే చేయించండి. కొత్త వాక్యం, కొత్త చప్పుడు రెండూ ఒకేరోజు వద్దు. ఫోనును ప్రాసెసర్‌కు బ్లూటూత్‌తో కలిపే వీలుందేమో చూడండి. లేకపోతే ఫోనును చెవి రంధ్రం దగ్గర కాకుండా మైక్రోఫోను ఉన్న చోట పట్టుకోవాలని నేర్పండి.

8. జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా జోడించండి

వాక్యాలు పదికి ఏడు దాటాక మాత్రమే ఈ మెట్టు. "తాళంచెవి తీసి కుర్చీమీద పెట్టి, కళ్లజోడు నాకివ్వండి" అని రెండు పనులు కలిపి చెప్పండి. తరువాత మూడు. నాలుగు అంకెలు చెప్పి వెనక నుంచి చెప్పమనండి. సంత నుంచి తేవలసిన నాలుగు వస్తువులు చెప్పి, ధర ఎక్కువ నుంచి తక్కువకు అమర్చమనండి. చిన్న కథ చెప్పి, ఎవరు ఎవరితో ఏమన్నారో అడగండి.

చెప్పిన వెంటనే, "నేనేమన్నాను?" అని ఒకసారి తిరిగి చెప్పించుకోవడం తప్పనిసరి. వినబడనిదానిని గుర్తుపెట్టుకోమని అడగడం అన్యాయం.

9. చెవి సంగతా, మతి సంగతా: తేల్చుకునే పద్ధతి

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ మెట్టే. మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మగారు అన్నింటికీ 'ఊఁ' కొట్టేవారు. "వంకాయ కూర చేయనా, బీరకాయ చేయనా?" అని కూతురు అడిగితే "ఊఁ" అన్నారు. సాయంత్రానికి "నేను బీరకాయ చేయమనలేదే" అన్నారు. ఇంట్లోవారు మతిమరుపు అనుకున్నారు. ఆమె ఏదీ మరిచిపోలేదు, ఆమెకు ప్రశ్నే చేరలేదు. అవును, కాదు అని తేల్చేయగల ప్రశ్నలు మానేసి, రెండింటిలో ఒకటి ఎంచుకోవలసిన ప్రశ్నలే అడగండి. 'ఊఁ' అన్నది సమాధానం కాని చోట, చేరలేదన్న సంగతి వెంటనే తెలిసిపోతుంది.

ఇంట్లో చేయదగిన పోలిక ఇది. మొదటి రోజు ఉదయం, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఎదురుగా కూర్చుని అయిదు వస్తువుల పేర్లు చెప్పండి: చింతపండు, అగ్గిపెట్టె, దువ్వెన, గొడుగు, అరటిపండు. వెంటనే తిరిగి చెప్పించుకుని ఎన్ని సరిగా చేరాయో రాసుకోండి. పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, మళ్లీ అడిగి రాసుకోండి. రెండు రోజుల తరువాత అదే వేళకు, వేరే అయిదు పేర్లను పెద్ద అక్షరాలతో రాసి, వారి చేతే రెండుసార్లు చదివించి, కాగితం తీసేయండి. పది నిమిషాల తరువాత అడిగి రాసుకోండి.

చెప్పిన వెంటనే తిరిగి చెప్పలేకపోయి, రాసి చూపినవి మాత్రం గుర్తుంచుకున్నారంటే లోటు వినికిడిలో ఉంది: మ్యాపింగ్, సాధన చూసుకోవాలి. వెంటనే అయిదూ చెప్పి, పది నిమిషాలకు పోగొట్టుకుని, రాసి చూపినవి కూడా పోగొట్టుకున్నారంటే అది చెవి తప్పు కాకపోవచ్చు; న్యూరాలజిస్టుకో వృద్ధుల వైద్యులకో చూపించాలి. వెంటనే అన్నీ చెప్పి, విన్నవి మాత్రమే మరిచిపోతూ, చదివినవి గుర్తుంచుకుంటుంటే, వినడానికే ఎక్కువ శ్రమ పడుతున్నారని భావించవచ్చు. ఇది సాధనతో తగ్గాలి. నెల తరువాత మళ్లీ చూడండి, కాని ప్రతిసారీ కొత్త పేర్లు వాడండి.

మ్యాపింగ్ మార్చిన వారంలోను, జ్వరం, నిద్రలేమి ఉన్నప్పుడు, సాయంత్రం అలసిపోయిన తరువాత ఈ పోలిక చేయకండి. ఇది జబ్బు నిర్ధారణ కాదు, వైద్యుడి దగ్గరికి ఏ ప్రశ్నతో వెళ్లాలో తెలుసుకోవడానికి మాత్రమే. ఒక్కసారి తక్కువ వచ్చిందని వారి ఎదుట ముఖం ముడుచుకోవద్దు. మన ముఖాలను చదవడంలో వినికిడి పోయినవారు చాలా నేర్పరులు.

వైద్యుడి దగ్గర జ్ఞాపకశక్తి పరీక్షకు వెళితే కొత్త బ్యాటరీ వేసి, ప్రాసెసర్ పెట్టుకునే వెళ్లాలి. ఇంప్లాంట్ ఉందని, సూచనలు రాతలో చూపించమని ముందే చెప్పండి. ఎం.ఎం.ఎస్.ఇ., మోకా వంటి పరీక్షలు 30 మార్కులకు ఉంటాయి, వాటిలో చాలా ప్రశ్నలు నోటితోనే అడుగుతారు. ప్రశ్న వినబడక పోయిన మార్కులు మతిమరుపు ఖాతాలో పడతాయి. వినికిడి లోపం ఉన్నవారి కోసం సూచనలను తెరమీద రాతగా చూపే మోకా కూడా ఉంది. అలాగే విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించారా, నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు ఏవైనా మత్తు కలిగిస్తున్నాయా, దిగులు ఉందా అన్నవి అడగండి. వీటిలో చాలావరకు సరిదిద్దుకోదగినవి.

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని ఇదివరకే తేలినవారికి 8, 9 మెట్లు వద్దు. ప్రాసెసర్‌కు ఒకే స్థలం, పెట్టేందుకు ఒకే మనిషి, ఉదయం ఆరు శబ్దాలు, చిన్న వాక్యాలు, తెలిసిన వస్తువులు చాలు. అక్కడ లక్ష్యం మార్కులు కాదు, ఇంట్లో మాటలకు దూరం కాకుండా ఉండడం.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నింటికంటే పెద్ద తప్పు "ఏం లేదులే" అనడం. పెద్దవారు "ఏమన్నావు?" అని అడిగినప్పుడు, విషయం చిన్నదని మనం అలా తోసేస్తాం. పది రోజులు అలా జరిగితే వారు అడగడమే మానేస్తారు. అడగడం మానేసిన మనిషికి ఏ సాధనా ఎక్కదు. విషయం ఎంత చిన్నదైనా మళ్లీ చెప్పండి. రెండోసారి చేరకపోతే మాట మార్చి చెప్పండి, మూడోసారి రాసి చూపండి.

అదే చీటీలను నెలల తరబడి వాడడం రెండో తప్పు. పదిహేను రోజులకొకసారి సగం చీటీలు మార్చకపోతే వింటున్నారా, గుర్తుపెట్టుకున్నారా అన్నది తెలియదు. పక్కింటివారితోనో, ఇంప్లాంట్ పెట్టించుకున్న చిన్న పిల్లలతోనో పోల్చడం మూడోది. ఎన్నేళ్లు వినకుండా ఉన్నారన్నది ఫలితాన్ని చాలా మారుస్తుంది: పదిహేనేళ్లు నిశ్శబ్దంలో ఉన్న చెవికీ, ఏడాది క్రితం వినికిడి పోయిన చెవికీ ఒకే గడువు పెట్టలేము.

ఆగి వైద్యుడిని పిలవవలసిన సందర్భాలు

కాయిల్ కింద చర్మం ఎర్రబడినా, నొప్పి పెట్టినా అయస్కాంతం బలం తగ్గించాలి. కాయిల్ తీసి ఆ రోజే ఫోను చేయండి. వింటున్నప్పుడు ముఖం అదిరితే ప్రాసెసర్ తీసి మ్యాపింగ్‌కు వెళ్లండి. జ్వరంతో పాటు విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఇంప్లాంట్ ఉన్నవారికి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ప్రమాదం కొంత ఎక్కువ, అందుకే న్యుమోకోకల్ టీకా వేశారో లేదో కూడా చూసుకోవాలి. నిన్నటివరకు బాగున్న మనిషి ఒక్కరోజులో తికమకగా మాట్లాడుతుంటే అది మతిమరుపు కాదు, వినికిడి కూడా కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం వంటివి కారణం కావచ్చు, వెంటనే చూపించాలి.

ఎం.ఆర్.ఐ. తీయాలని ఎవరైనా అంటే ఇంప్లాంట్ కార్డు చూపించి, ఇంప్లాంట్ చేసిన వైద్యులతో మాట్లాడిన తరువాతే ఒప్పుకోండి. ప్రాసెసర్‌తో ఆ గదిలోకి అడుగుపెట్టకూడదు. మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపీకి వెళ్లినప్పుడు డయాథెర్మీ (విద్యుత్ తరంగాలతో లోపలివరకు వేడి పుట్టించే చికిత్స) పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. కూర్చోకముందే ఇంప్లాంట్ సంగతి చెప్పి వద్దనండి.

12 వారాలకు ఫలితం ఎలా చూడాలి

నోటుబుక్కులో రోజుకొక వరుస చాలు: తేదీ, పెట్టుకున్న గంటలు, ఆరు శబ్దాలలో ఎన్ని, మాటలు పదికి ఎన్ని, అలసట కొంచెమా ఎక్కువా. వారానికొకసారి, ముందెప్పుడూ వినిపించని పది వాక్యాలు, పెదవులు కనబడకుండా చెప్పి, ముఖ్యమైన మాటలు ఎన్ని తిరిగి చెప్పారో లెక్కవేయండి. ఒక వారం తగ్గినా ఆందోళన పడకండి; నాలుగు వారాలను కలిపి చూడండి. మార్కులు అలాగే ఉండి అలసట తగ్గినా అది ముందడుగే. నాలుగు వారాలు వరుసగా ఏమీ కదలకపోతే సాధన పెంచకండి, ముందు మ్యాపింగ్ చూపించండి.

అంకెలలో పడని మార్పులను కూడా రాసుకోండి. కాలింగ్ బెల్‌కు తానే లేచి వెళ్లారా, కుక్కరు విజిళ్లు లెక్కపెట్టారా, భోజనాల దగ్గర ఎవరూ అడగకుండానే తానొక మాట కలిపారా. ఆ నోటుబుక్కును తదుపరి మ్యాపింగ్‌కు తప్పకుండా వెంట తీసుకువెళ్లి, ఆడియాలజిస్టు ముందు తెరిచి పెట్టండి. ఏ శబ్దం తప్పుతోందో, ఏ గొంతు అర్థం కావడం లేదో, ఏ చప్పుడు బాధిస్తోందో అందులోనే చూపించి, దానిని బట్టే మ్యాపింగ్ మార్చమని అడగండి.